నేనెవరిని? – సందేహాలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఉన్న గుబులు ఒక్కటే: ‘నేనసలు ఎవరిని? దేవుడి ముందు నా స్థానమేమిటి?’ పేర్లు, ఇంటి వివరాలు తీసేసి కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాం. ముందుగా ఒక్క మాట. ఈ ప్రశ్న పుట్టడం విశ్వాసం పోయిందనడానికి గుర్తు కాదు. క్రైస్తవ దృష్టిలో మన గుర్తింపు మొదట దేవుడిచ్చేది, ఆ తర్వాత మనలో నెమ్మదిగా ఎదిగేది. ఆయన ఇచ్చింది ఒక్క చెడ్డరోజుతో పోదు, ఎదగాల్సింది ఒక్కరోజులో పూర్తికాదు.

సందేహం: ముత్తాతల కాలం నుంచి మాది క్రైస్తవ కుటుంబం. యవ్వనస్తుల కూటంలో అందరూ తాగుడు మానామనో, చావు తప్పించుకున్నామనో సాక్ష్యం చెబుతారు. నాకు చెప్పడానికి ఏమీ లేదు. నాది పుట్టుకతో వచ్చిన అలవాటే తప్ప నిజమైన విశ్వాసం కాదేమోనని భయంగా ఉంది.
– డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

సమాధానం: చెప్పుకోదగ్గ పతనం లేకపోవడం లోపం కాదమ్మా. తిమోతి విశ్వాసాన్ని మెచ్చుకుంటూ పౌలు అతని అవ్వ లోయినీ, తల్లి యూనీకేనూ తలుచుకున్నాడే గాని, ఇంట్లో అబ్బిన భక్తి అని తక్కువ చేయలేదు. 1878 జూలై 3న మీ ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ల తర్వాతి తరాలవాళ్లు ఎందరో మీలాగే సండే స్కూల్లో పెరిగినవారే. పెద్దల నుంచి అందిన దాన్ని ‘ఇది నాది కూడా’ అనుకునే రోజు ఒక్కసారిగా రావచ్చు, తెలియకుండానే రావచ్చు, రెండూ నిజమైనవే. సాక్ష్యం కోసం లేని కథ అల్లాలనిపిస్తే మాత్రం అక్కడ ఆగండి.

సందేహం: పదిహేనేళ్ల మా అబ్బాయి మందిరానికి రానంటున్నాడు. ‘నేనేం నమ్ముతున్నానో నాకే తెలీదు, నన్ను వదిలేయండి’ అంటాడు. సంఘంలో పరువు పోతుందని మావారు చెయ్యెత్తారు. వాడు చేజారిపోయినట్టేనా?
– ఒక తల్లి, విజయవాడ

సమాధానం: చేజారలేదమ్మా, ఆ మాట మీకే వచ్చి చెప్పాడంటే ఇంకా మీ దగ్గరే ఉన్నాడు. తానెవరో తేల్చుకోవడమే ఆ వయసు పిల్లల ముఖ్యమైన పని అని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లోనే రాశారు. ప్రశ్నించకుండా పెద్దల జవాబునే తీసుకునేవాళ్లూ, వెతికి తేల్చుకునేవాళ్లూ వేరువేరని 1966లో జేమ్స్ మార్షియా చూపించారు. మీవాడు వెతుకుతున్నాడు. దెబ్బలు వద్దు, ఇంట్లో ప్రార్థన మానవద్దు, వాడి ప్రశ్నలకు జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి. మందిరంతో పాటు స్నేహితులను, ఆటలను, భోజనాన్ని కూడా వదిలేసి రెండు వారాలకు మించి గదిలోనే ఉంటే డాక్టరుకు చూపించండి.

సందేహం: బాప్తిస్మం తీసుకుని ఆరు నెలలైంది. నూతన సృష్టినయ్యానని అందరూ అన్నారు. మొన్న కోపంలో మా తమ్ముణ్ణి పాత బూతులతోనే తిట్టాను. నాలో ఏమీ మారలేదా? నా బాప్తిస్మం వృథా అయిందా?
– ఆటో డ్రైవర్, గుంటూరు

సమాధానం: వృథా కాలేదు తమ్ముడూ. నాటిన నారు కొన్నాళ్లు వాడినట్టే కనబడుతుంది, వేరు పట్టాకే తేరుకుంటుంది. పెంతెకొస్తు రోజున అంత ధైర్యంగా ప్రసంగించిన పేతురు కూడా, ఆ తర్వాత అంతియొకయలో జనానికి భయపడి అన్యుల పంక్తిలోంచి లేచిపోయాడు. పౌలు అతణ్ణి ముఖం మీదే నిలదీశాడు గాని, నువ్వు అపొస్తలుడివే కాదనలేదు. తిట్టినందుకు బాధపడటమే మార్పు మొదలైందనడానికి ఆనవాలు. వెళ్లి తమ్ముణ్ణి క్షమాపణ అడగండి. కోపం చేతి దాకా వచ్చి ఇంట్లోవాళ్లు భయపడే స్థితి ఉంటే మాత్రం ప్రార్థనతో సరిపెట్టుకోకండి, సలహాదారుణ్ణి కలవండి.

సందేహం: బాప్తిస్మమప్పుడు నాకు బైబిల్ పేరు పెట్టారు. ఆధార్‌లోనూ ఆఫీసులోనూ పాత పేరే ఉంది. అది హిందూ దేవుడి పేరు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ప్రభువును దాచిపెట్టినట్టు అనిపిస్తోంది.
– ప్రైవేటు ఉద్యోగి, రాజమండ్రి

సమాధానం: మీరేమీ దాచడం లేదు, నిశ్చింతగా ఉండండి. దానియేలుకు బబులోనులో అక్కడి దేవత పేరు కలిపి బెల్తెషాజరని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలుస్తున్న కొలువులోనే అతను నమ్మకంగా బతికాడు. సిక్కు కుటుంబం నుంచి వచ్చి హైదరాబాద్‌లో హెబ్రోను స్థాపించిన భక్త్ సింగ్ గారు చివరిదాకా ఆ పేరుతోనే ఉన్నారు. కొత్త పేరు ఆనందంగా ఉంటే ఉంచుకోండి, కాగితాలు మార్చాలన్న నియమం బైబిల్లో లేదు. పాత పేరు వినబడగానే వణుకు, చెమట పట్టేంత కలత ఉంటే దాని గురించి మీ కాపరితో మాట్లాడండి.

సందేహం: మా ఇంట్లో నేనొక్కడినే యేసును నమ్మాను. అమ్మ రోజూ ఏడుస్తోంది. ‘మన పాటలు, మన పద్ధతులు అన్నీ వదిలేసి పరాయివాడివైపోయావు’ అంటోంది. క్రైస్తవుణ్ణయితే తెలుగువాణ్ణి కాకుండా పోతానా? అమ్మకు కొడుకును కాకుండా పోతానా?
– ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

సమాధానం: పోరు, రెండింటికీ భయం అక్కర్లేదు. 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య గారు దోర్నకల్‌లో కట్టించిన దేవాలయం 1939లో ప్రతిష్ఠ అయింది. వీలు చూసుకుని వెళ్లి చూడండి, దాని స్తంభాల్లో, గుమ్మటాల్లో ఈ దేశపు శిల్పమే కనబడుతుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట తలమీద రాగం, తాళం ఉంటాయి. ఆ పాటలు రాసినవారిలో ముఖ్యులైన పురుషోత్తమ చౌధరి గారు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మీరు పూజలో కూర్చోలేకపోవచ్చు గాని, అమ్మకు మందులు తేవడం, పక్కన కూర్చుని భోంచేయడం, ఆదివారం ఆవిడతో కూరగాయలకు వెళ్లడం ఏ విశ్వాసమూ వద్దనదు. తల్లిదండ్రులను సన్మానించమనే ఆజ్ఞలో, వాళ్లు నమ్మినవాళ్లయితేనే అన్న షరతు లేదు. ఆమె ఏడుపు తగ్గడానికి ఏళ్లు పట్టవచ్చు, అది మామూలే. ఇంటివాళ్లతో పూర్తిగా తెగతెంపులు చేసుకోమని ఎవరైనా ఒత్తిడి చేస్తే అప్పుడు అనుమానించండి.

సందేహం: ఆదివారం మందిరానికి వెళ్తాం, నా కులపత్రంలో ఎస్సీ, హిందూ అని ఉంది. కాలేజీలో ‘ఏది అబద్ధం? సర్టిఫికెట్టా, నువ్వా?’ అని వెక్కిరించారు. సంఘంలోనూ కొందరు మమ్మల్ని వేరుగానే చూస్తారు. నేను ఎటూ కానివాణ్ణనిపిస్తోంది.
– బీటెక్ విద్యార్థి, పల్నాడు జిల్లా

సమాధానం: ఈ చిక్కుముడి వేసింది మీరు కాదు తమ్ముడూ, అందుకని సిగ్గు మీ నెత్తిన వేసుకోకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. ఆ తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు, క్రైస్తవులకు వర్తింపజేయలేదు. మన రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సీ కిందికి వస్తారు. కాబట్టి పత్రం సంగతి చట్టానికి సంబంధించింది. మంచి వకీలును అడిగి, నిజం చెప్పగలిగే దారి ఎంచుకోండి, అబద్ధం మోస్తూ బతకమని నేను అనను.

ఇక మీరెవరన్నది ఏ తహశీల్దారు కార్యాలయమూ తేల్చేది కాదు. ప్రతి మనిషీ దేవుని స్వరూపంలో ఉన్నాడని ఆదికాండం మొదటి అధ్యాయమే చెప్పింది, కులం అందులో లేదు. మీ పక్క ఊరు వినుకొండలో పుట్టిన జాషువా గారు 1941లో అంటరానివాడి వేదనను ‘గబ్బిలం’గా రాశారు, ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. తన పుట్టుకనూ క్రీస్తునూ, రెండింటినీ తలెత్తుకునే చెప్పారు. సంఘంలో కులం చూసేవారిది పాపమే, దాన్ని పాపమనే పిలవండి. వెక్కిరింపు బెదిరింపు దాకా వస్తే కాలేజీ యాజమాన్యానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

సందేహం: రెండోసారి నీట్ రాశాను, సీటు రాలేదు. సంఘమంతా నాకోసం ఉపవాస ప్రార్థనలు చేశారు. నాన్న నన్ను చూసి తల దించుకుంటున్నారు. నేను బతికి ఎవరికి ఉపయోగం?
– విద్యార్థిని, నెల్లూరు

సమాధానం: తల్లీ, ముందు ఆ చివరి మాట గురించి. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే ఈరోజే ఇంట్లో ఒకరికి చెప్పు, 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వపు టెలీ మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఓడినప్పుడు కొన్నాళ్లు ఏడుపు, ఆకలి లేకపోవడం మామూలే, కానీ చావు ఆలోచన వచ్చిన క్షణమే సాయం అడగాలి. యేసు బాప్తిస్మం పొందిన రోజున ఆకాశం నుంచి తండ్రి ఆయన్ను ప్రియకుమారుడని పిలిచాడు. మార్కు సువార్తలో అప్పటికి ఆయన ఒక్క అద్భుతం కూడా చేయలేదు, ఒక్క ప్రసంగమూ చేయలేదు. దేవుని లెక్కలో ప్రేమ ముందు, పని తర్వాత. నీ ర్యాంకుతో ఆ వరస మారదు.

సందేహం: నేను పాస్టరు గారి భార్యను. అందరికీ ‘అమ్మగారు’నే, నా పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పొద్దున్నించి రాత్రిదాకా వచ్చేపోయేవాళ్లే. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ అమ్మగారు కాకపోతే నేనెవరినన్న భయం వేస్తోంది.
– పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: ఇలా అనిపించడం కృతఘ్నత కాదమ్మా, అలసట. పనుల్లో నలిగిన మార్తను యేసు ఆమె పేరుతోనే, రెండుసార్లు పిలిచాడు. అలిసి చావాలనుకున్న ఏలీయాకు దూత మొదట పెట్టింది రొట్టె, నీళ్లు; నిద్రపోనిచ్చాకే మిగతా మాటలు. సేవ మీ పిలుపు కావచ్చు గాని మీరు సేవకన్నా ముందే దేవుని కుమార్తె. వారంలో ఒక పూట ఎవరికీ అమ్మగారు కాకుండా గడపండి, పేరు పెట్టి పిలిచే పాత స్నేహితురాలికి ఫోన్ చేయండి. నెలల తరబడి ఏ పనిలోనూ సంతోషం లేకపోతే, కారణం లేకుండా కన్నీళ్లొస్తుంటే డాక్టరును కలవండి.

సందేహం: ప్రార్థనకు మోకరిస్తే చాలు, దేవుణ్ణి తిట్టే బూతు మాటలు తలలోకి దూసుకొస్తున్నాయి. వద్దనుకున్నకొద్దీ ఎక్కువవుతున్నాయి. క్షమాపణ లేని పాపం చేసేశానేమో. నేను లోపల నిజంగా దుర్మార్గుణ్ణా?
– పేరు రాయలేదు

సమాధానం: కాదు. ఆ మాటలు మీకు అసహ్యంగా ఉన్నాయంటేనే అవి మీ మనసు కోరినవి కావు. ‘యాత్రికుని ప్రయాణం’ రాసిన జాన్ బన్యన్‌ను కూడా ఇలాంటి తలపులే చాలాకాలం వేధించాయి. 1666లో అచ్చయిన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. క్షమాపణ లేని పాపమని యేసు హెచ్చరించింది కళ్లముందు మంచిని చూసి కూడా సాతాను పని అని తీర్మానించినవాళ్లను. వణుకుతూ క్షమాపణ అడిగేవాళ్లను కాదు. ఆలోచనతో పోరాడకండి, వచ్చి పోనివ్వండి, ప్రార్థన కొనసాగించండి. ఇవి రోజుకు గంటకు మించి తినేస్తుంటే, ఒకే ప్రార్థన పదేపదే చేయకపోతే శాంతి లేకపోతే అది ఓసీడీ అనే జబ్బు కావచ్చు. మానసిక వైద్యుడి దగ్గర దానికి మంచి చికిత్స ఉంది.

సందేహం: నాకు పసితనంలోనే బాప్తిస్మం ఇచ్చారు. పెళ్లయ్యాక భర్తగారి సంఘంలో ‘అది లెక్కలోకి రాదు, నువ్వింకా క్రైస్తవురాలివి కావు’ అంటున్నారు. ఇన్నేళ్లూ నేనెవరిని మరి?
– గృహిణి, మెదక్

సమాధానం: ఇన్నేళ్లూ మీరు క్రీస్తుకు చెందినవారేనమ్మా. సీఎస్ఐ, లూథరన్, కతోలిక సంఘాలు పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తాయి. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలు విశ్వసించిన తర్వాతే ఇస్తాయి. శతాబ్దాలుగా భక్తిపరులు రెండు వైపులా ఉన్నారు. మళ్లీ తీసుకోవాలా వద్దా అన్నది వాక్యం చదివి, భర్తతో మాట్లాడి మీరు నిదానంగా తేల్చుకోవచ్చు. భయపెట్టి, బల్ల దగ్గర అందరిముందూ అవమానించి ఒప్పించాలని చూస్తే అది సరైన దారి కాదు.

సందేహం: ఆరాధనలో అందరూ కన్నీళ్లు పెట్టుకుంటారు, చేతులెత్తుతారు. నాకు ఏమీ అనిపించదు. రాయిలా నిలబడతాను. నాలో ఆత్మ లేదా?
– బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

సమాధానం: కన్నీటితో ఆత్మను కొలవలేం, కంగారు వద్దు. కొందరి మనసు తడి కళ్లలో కనబడుతుంది, కొందరిది చేసే పనిలో కనబడుతుంది. పౌలు గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మఫలాలుగా ప్రేమ, సహనం, దయ, ఆశానిగ్రహం లాంటివి చెప్పాడు, ఏడుపు అందులో లేదు. లేని భావం నటించకండి. ఒకప్పుడు ఆనందపడే మీరు ఇప్పుడు పాటకే కాదు, ఇంట్లో పిల్లల నవ్వుకీ, తిండికీ కూడా కదలడం లేదంటే అది దిగులు జబ్బు కావచ్చు, చూపించుకోండి.

సందేహం: నాకు బొమ్మలు వేయడమంటే ప్రాణం. రిట్రీట్‌లో ‘నీ స్వయాన్ని చంపుకో’ అన్నారు. వచ్చి నా బొమ్మలన్నీ చించేశాను. ఇప్పుడు ఖాళీగా ఉంది. ఇదేనా తనను తాను ఉపేక్షించుకోవడమంటే?
– ఇంటర్ విద్యార్థి, కాకినాడ

సమాధానం: బాబూ, నీ తొందరలో ప్రేమే ఉంది, కానీ ప్రభువు అడిగింది అది కాదు. తనను తాను ఉపేక్షించుకోవడమంటే స్వార్థాన్ని గద్దె దించడం, దేవుడిచ్చిన చేతిపనిని చంపడం కాదు. నిర్గమకాండంలో బెసలేలు అనే పనివాణ్ణి దేవుడు పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపి, బంగారు పని, చెక్కడపు పని చేయించాడు. పౌలు కూడా క్రీస్తు తనలో జీవిస్తున్నాడని రాశాక పౌలుగానే మిగిలాడు. అదే ఘాటు, అదే చదువు, అదే డేరాలు కుట్టే చేతులు. మళ్లీ రంగులు తీసుకో. నిన్ను నువ్వు గాయపరుచుకోవాలనిపిస్తే మాత్రం అది భక్తి కాదు, వెంటనే ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పు.

సందేహం: చిన్నప్పుడు నాన్న తాగొచ్చి రోజూ కొట్టేవాడు, పనికిమాలినదానా అనేవాడు. ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. పరలోక తండ్రీ అనగానే గొంతు పట్టేస్తోంది. నాది అవిశ్వాసమా?
– నర్సు, కర్నూలు

సమాధానం: అవిశ్వాసం కాదు చెల్లీ, మానని గాయం. మొదట విన్న తండ్రి గొంతుతోనే దేవుణ్ణీ వినడం చాలామందికి జరుగుతుంది. ఆ మాట మీ నాన్న తాగుడు అన్న మాట, మీమీద దేవుడు చెప్పిన తీర్పు కాదు. బైబిల్లో దేవుడు తండ్రి ఒక్కడే కాదు. కాపరి, ఆశ్రయదుర్గం, యెషయా గ్రంథంలో బిడ్డను మరవలేని తల్లికన్నా మిన్న అయినవాడు. గొంతు తెరుచుకునే దాకా ఆ పేర్లతో ప్రార్థించండి. క్షమించమని తొందరపెట్టేవాళ్లకు జవాబు చెప్పాల్సిన పని లేదు. పీడకలలు, ఉలికిపాట్లు ఇంకా ఉంటే శిక్షణ ఉన్న కౌన్సిలర్ దగ్గరికి వెళ్లండి.

సందేహం: నన్ను దత్తత తీసుకున్నారని పోయిన నెల తెలిసింది. అమ్మానాన్నలంటే ప్రేమే. కానీ అద్దంలో చూసుకుంటే ఈ ముఖం ఎవరిదో అనిపిస్తోంది. కన్నవాళ్లను చూడాలనుకోవడం ద్రోహమా?
– పదో తరగతి విద్యార్థిని, ఖమ్మం

సమాధానం: ద్రోహం కాదు తల్లీ, చాలా సహజమైన కోరిక. మోషే, ఎస్తేరు పెంపుడు ఇళ్లలోనే పెరిగారు. యేసు కూడా ఈ లోకంలో యోసేపు పెంచిన బిడ్డ. పౌలు అయితే మనల్నందరినీ దేవుడు దత్తత చేసుకున్నాడనే చెప్పాడు. ఇందాక వేరే ఉత్తరానికి జవాబులో చెప్పిన ఎరిక్సన్‌కు తన కన్నతండ్రి ఎవరో ఎప్పటికీ తెలియలేదు; పెంచిన తండ్రి ఇంటిపేరుతో ఎదిగి, మనిషి గుర్తింపు ఎలా ఏర్పడుతుందో లోకానికి వివరించాడు. మనసులో ఉన్నది అమ్మానాన్నలతో చెప్పు, వెతకడం వాళ్ల సాయంతోనే చెయ్యి. కోపంలో ఒంటరిగా ఇల్లు వదిలి వెళ్లాలనిపిస్తే ఆగి, నమ్మకమైన టీచర్‌తో మాట్లాడు.

సందేహం: నాకు ముప్పై ఆరేళ్లు, పెళ్లి కాలేదు. మందిరంలో ప్రతి ఆదివారం ‘ఇంకా కాలేదా, ప్రార్థిస్తాంలే’ అంటారు. సగం మనిషిననిపిస్తోంది.
– టీచర్, ఏలూరు

సమాధానం: మీరు పూర్తి మనిషే. యేసుకు పెళ్లి కాలేదు, పౌలు ఒంటరిగానే సేవ చేశాడు, ఆ స్థితి కూడా దేవుని వరమేనని కొరింథీయులకు రాశాడు. మనవాళ్లు వైద్యానికి పరుగెత్తే వేలూరు ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్ గారూ అవివాహితే. పెళ్లి కావాలని కోరుకోవడం తప్పు కాదు, కాలేదని బాధపడటమూ తప్పు కాదు. మాటలు తప్పించుకోవడానికే ఎవరినో ఒకరిని ఒప్పుకుంటున్నానని అనిపిస్తే అక్కడ ఒక్కసారి ఆగండి.

సందేహం: మా పాప అమెరికాలోనే పుట్టింది. ‘నేను తెలుగు కాదు, పూర్తి అమెరికన్నూ కాదు. ఇక్కడి చర్చిలో మనం వేరు, మన తెలుగు చర్చిలో నాకు పాటలే అర్థం కావు’ అని ఏడ్చింది. మేం ఇక్కడికి వచ్చి తప్పు చేశామా?
– ఒక తండ్రి, డల్లాస్

సమాధానం: తప్పు చేయలేదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఈ ఊగిసలాట మామూలే, చాలామంది పెద్దయ్యేకొద్దీ రెండిటినీ తమవి చేసుకుంటారు. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీకువాడు. ఆ రెండు లోకాల బిడ్డే సంఘానికి కాపరి అయ్యాడు. పెంతెకొస్తు దినాన ఎవరి భాషలో వాళ్లు విన్నారు, ప్రకటన గ్రంథంలోనూ సింహాసనం ముందు అన్ని భాషలవారూ ఉన్నారు. అమ్మమ్మతో వారానికోసారి మాట్లాడించండి, ఒక్క పాటకు అర్థం చెప్పండి, బలవంతం వద్దు. బడిలో వేధింపు వల్లే ఈ ఏడుపు అయితే ముందు దాన్ని చూడండి.

సందేహం: నేను సండే స్కూల్ టీచర్‌ను. పిల్లలకు ధైర్యం చెబుతాను, ఇంటికొచ్చి సందేహాలతో నలిగిపోతాను. బయటి మనిషి ఒకడు, లోపలి మనిషి ఇంకొకడు. నేను వేషధారినా?
– తెనాలి

సమాధానం: వేషధారికి ఈ ప్రశ్న రాదు. హిట్లర్‌ను ఎదిరించి జైలుపాలైన జర్మన్ పాస్టర్ డీట్రిఖ్ బాన్‌హోఫర్ 1944లో ‘నేనెవరిని?’ అనే కవిత రాశాడు. బెర్లిన్ జైల్లో అందరికీ నిబ్బరంగా కనిపించిన ఆయన తనకు తాను అలజడితో, అలసటతో కనిపించాడు. ఈ ఇద్దరిలో ఎవరు నిజమో తేల్చలేక, ఆ తీర్పును తనను ఎరిగిన దేవునికే వదిలిపెట్టాడు. 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. పిల్లల ముందు సందేహాలన్నీ విప్పాల్సిన పని లేదు గాని, తోటి టీచర్ ఒకరికైనా చెప్పండి. దాచుకోవడానికి మద్యమో మరో చాటు అలవాటో తోడైతే వెంటనే సాయం తీసుకోండి.

సందేహం: నలభై ఏళ్లు ఫలానావారి భార్యగా బతికాను. ఆయన పోయి ఎనిమిది నెలలు. ఇప్పుడు నన్ను నేను ఎవరినని చెప్పుకోవాలి? దేవుడి మీదా కోపమొస్తోంది.
– నర్సాపురం

సమాధానం: అమ్మా, ఎనిమిది నెలలు ఎంతమాత్రం ఎక్కువ కాదు, ఆ కోపమూ దుఃఖంలో భాగమే. భర్తనూ కొడుకులనూ పోగొట్టుకున్న నయోమి, ఇక తనను ఆ పేరుతో పిలవొద్దని, దేవుడు తన బతుకును చేదు చేశాడని ఊరివాళ్ల ముందే అంది. దేవుడు ఆమెను మందలించలేదు. గ్రంథం ఆఖరిదాకా ఆమెను పాత పేరుతోనే పిలిచింది. ఆమె పక్కన రూతు నిలబడినట్టు మీ పక్కన ఉండేవాళ్లను ఉండనివ్వండి. తిండి, మందులు మానేసి ఆయన దగ్గరికే పోతానన్న ఆలోచన పదేపదే వస్తుంటే పిల్లలకు చెప్పండి, డాక్టరును కలవండి.

సందేహం: మా అమ్మకు మతిమరుపు జబ్బు. పరలోక ప్రార్థన కూడా మరిచిపోయింది, యేసు ఎవరని అడిగింది. ఆమె విశ్వాసం పోయినట్టా? ఆమె ఇంకా మా అమ్మేనా?
– మచిలీపట్నం

సమాధానం: ఆమె ఇంకా మీ అమ్మే, ప్రభువుకూ ఆమె ఇంకా తన మనిషే. మతిమరుపు మెదడుకు వచ్చిన జబ్బు, విశ్వాసాన్ని వదులుకోవడం కాదు. మనం దేవుణ్ణి గుర్తుపెట్టుకోవడం మీద కాదు, దేవుడు మనల్ని గుర్తుపెట్టుకోవడం మీదే మన గుర్తింపు నిలుస్తుందని వేదాంతి జాన్ స్వింటన్ 2012లో మతిమరుపు మీద రాసిన పుస్తకంలో చెప్పాడు. మాటలు పోయినా పాటలు చాలాకాలం నిలవడం ఈ జబ్బులో తరచుగా చూస్తాం, పాత కీర్తన ఒకటి పక్కన కూర్చుని పాడండి. ఒక్కసారిగా గందరగోళం పెరిగినా, జ్వరం వచ్చినా, పడిపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సందేహం: హెడ్మాస్టర్‌గా రిటైరయ్యాను. నిన్నటిదాకా ‘సార్’ అన్నవాళ్లు ఇవాళ పక్కనుంచి వెళ్లిపోతున్నారు. అరవై రెండేళ్లకు నేనెవరినో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా?
– నల్గొండ

సమాధానం: మొదటి నుంచి కాదు మాస్టారూ, ఉన్నదాని మీదే. అబ్రాముకు దేవుడు అబ్రాహామని పేరు మార్చేనాటికి ఆయనకు తొంభై తొమ్మిదేళ్లు, ఇంట్లో శారయి పేరూ అప్పుడే మారింది. ఎదగడానికి బైబిల్లో పదవీ విరమణ వయసు లేదు. కుర్చీ పోయిన మొదటి ఏడాది వెలితి అందరికీ ఉంటుంది, ఉత్తరం రాసి మంచిపని చేశారు. పిలుపు రాలేదని ఎదురుచూడకుండా, చదువు మధ్యలో ఆపేసిన నలుగురు పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పండి. చీకటితోనే మెలకువ, బరువు తగ్గడం, బతుకు దండగన్న మాట కలిసి వస్తే వాటిని వయసు ఖాతాలో వేయకండి, డాక్టరుతో చెప్పండి. మిగతాదంతా కాలంతో సర్దుకుంటుంది, సంఘంలో మీలాంటి ఇద్దరు ముగ్గురు ఉంటారు, వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత వాళ్లను మీరే పలకరించండి.